నిన్ను ఎవరూ ఏమీ అనరు

పాత దినపత్రికలు తిరగేసే అలవాటున్నవారికి ఒక చిన్న ప్రకటన పరిచితమే. సంతాప ప్రకటనకూ టెండరు నోటీసుకూ నడుమ, తపాలా బిళ్ళకన్న కాస్త పెద్ద ఫోటో, దాని కింద నాలుగైదు పంక్తులు. శీర్షిక "కనబడుట లేదు". వయసు, ఎత్తు, ఒంటి రంగు, ఇల్లు విడిచిన నాడు తొడుక్కున్న చొక్కా, ఎడమ చెంప మీది పుట్టుమచ్చ, ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమానం. అంతవరకూ లోకాన్ని సంబోధిస్తూ వచ్చిన ప్రకటన చివరి పంక్తుల్లో ఉన్నట్టుండి పిల్లవాడి వైపు తిరిగేది: "బాబూ, ఎక్కడున్నా వెంటనే బయలుదేరి రా. అమ్మ మంచం పట్టింది. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

ఈ ఆఖరి వాక్యం నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. ఇది ఒక హామీ. అయితే ఏ భయానికి విరుగుడుగా హామీ ఇస్తామో ఆ భయానికి కారణముందని ముందుగా ఒప్పుకున్నట్టే. ఎవరో ఏదో అన్నారు, లేదా అంటారని పిల్లవాడు భయపడ్డాడు. ఆ సంగతి తండ్రికి తెలుసు. పరువు కోసం ప్రాణమైనా ఇచ్చే మన మధ్యతరగతి గృహస్థు, ఊరంతా చదివే పత్రికలో సొమ్ము కట్టి మరీ తన ఇంటి గుట్టు తానే అచ్చు వేయించుకుంటున్నాడు. మా ఇంట్లోనూ ఒకసారి ఆ ప్రకటన వేయవలసి వచ్చింది. దాని సంగతి తరువాత చెబుతాను.

పిల్లలు ఇల్లు విడిచి ఎందుకు పారిపోతారన్న ప్రశ్నకు సమాజశాస్త్రజ్ఞులు, మనస్తత్వవేత్తలు, పోలీసు అధికారులు తమ తమ పరిభాషల్లో సమాధానాలు చెప్పారు. నాకు మాత్రం ఇది ప్రధానంగా నైతికమైన ప్రశ్న అనిపిస్తుంది. "ఎందుకు" అని అడిగేటప్పుడు మనం లోలోపల అడుగుతున్నది "తప్పెవరిది" అనే. మన భాషైతే విచారణ లేకుండానే తీర్పు చెప్పేసింది. పదహారేళ్ళ కుర్రవాడు చెప్పాపెట్టకుండా రైలెక్కితే "పారిపోయాడు" అంటాం. అదే వయసు ఆడపిల్ల అయితే, వెంట ఎవరూ లేకపోయినా సరే, "లేచిపోయింది" అంటాం. వెళ్ళినవాడు కొన్నేళ్ళకు మహనీయుడై ప్రసిద్ధికెక్కితే ఆ ప్రయాణమే "గృహత్యాగం" అవుతుంది. దాటిన గడప ఒక్కటే. పేరు మాత్రం తరువాత ఏమైందన్నదాన్ని బట్టి పెట్టుకుంటాం.

1896 ఆగస్టు చివర మదురైలో వేంకటరామన్ అనే పదహారేళ్ళ విద్యార్థి, చదువు మీద ధ్యాస లేదని అన్న నిష్ఠూరంగా ఒక మాట అన్ననాడే ఇల్లు విడిచాడు. అన్న తన కాలేజీ ఫీజు కట్టిరమ్మని తీసుకోమన్న ఐదు రూపాయల్లో మూడు మాత్రం ఉంచుకుని, మిగిలిన రెండూ ఒక ఉత్తరంతో పాటు వదిలివెళ్ళాడు. తన కోసం ఎవరూ విచారించవద్దని, వెదకడానికి డబ్బు ఖర్చు చేయవద్దని అందులో రాశాడు. ఫీజు కట్టలేదన్న సంగతి కూడా మరవకుండా రాశాడు. ఆ బాలుడే తరువాత రమణ మహర్షి కనుక నేడు ఆ ఉత్తరం మనకు పవిత్రంగా కనిపిస్తుంది. కానీ ఆ సాయంకాలం ఆ ఇంట్లో దాన్ని చదివినవారి చేతులెలా వణికి ఉంటాయో ఊహించండి. రెండేళ్ళకు ఆచూకీ తెలిసి తిరువణ్ణామలై వచ్చిన తల్లి అళగమ్మాళ్ ఎంత ఏడ్చినా కొడుకు కదలలేదు. చివరకు 1916లో ఆమే వచ్చి కొడుకు దగ్గర ఉండిపోయింది, 1922లో అక్కడే కన్నుమూసింది. ఇల్లు విడిచిన కొడుకు వెంట ఇల్లే నడిచి వచ్చిందన్నమాట. అందరు తల్లులకూ ఆ భాగ్యం లేదు. అందరు కొడుకులూ మహర్షులూ కారు.

ఈ విషయంలో బౌద్ధ వినయపిటకం కన్న నిజాయితీగా మాట్లాడిన గ్రంథాన్ని నేనెరుగను. జ్ఞానోదయం పొందిన తరువాత కపిలవస్తుకు వచ్చిన బుద్ధుడు, వారసత్వం ఇమ్మని వెంటపడిన కొడుకు రాహులునికి సారిపుత్తుని చేత ప్రవ్రజ్య ఇప్పించాడు. అప్పుడు వృద్ధుడైన శుద్ధోదనుడు వచ్చి తన గోడు చెప్పుకున్నాడు. నీవు వెళ్ళినప్పుడు దుఃఖించాను, నందుడు వెళ్ళినప్పుడూ దుఃఖించాను, ఇప్పుడు రాహులుడి వంతు వచ్చిందన్నాడు. బిడ్డ మీది ప్రేమ చర్మాన్ని చీల్చి, మాంసాన్నీ ఎముకనూ చీల్చి, మజ్జ దాకా పోతుందన్నాడు. ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఏ కుమారుణ్ణీ సంఘంలో చేర్చుకోవద్దని వేడుకున్నాడు. బుద్ధుడు ఆ కోరికను మన్నించి దానిని నియమం చేశాడు. ఆశ్చర్యమేమంటే, అనుమతి లేకుండా అర్ధరాత్రి ఇల్లు విడిచినవాడే అనుమతి కావాలన్న నియమాన్ని పెట్టాడు. తాను వెళ్ళడం తప్పని ఆయన అనలేదు. సరైనదేనని తండ్రి ముందు వాదించనూ లేదు. తండ్రి చెప్పింది పూర్తిగా విన్నాడు, అంతే. ఆ వినడం కోసం ఆ తండ్రి ఏళ్ళ తరబడి కాచుకున్నాడని కూడా మనం మరవరాదు.

అయితే తెలుగువాడికి ఇల్లు విడిచిన పిల్లవాడు అనగానే మొదట గుర్తుకు రావలసినవాడు ధ్రువుడు. పోతనగారి భాగవతం చతుర్థ స్కంధం చదివినవారికి కథ తెలిసిందే. తండ్రి ఒడిలో తమ్ముడు ఉత్తముడు కూర్చుని ఉంటే తానూ ఎక్కబోయిన ఐదేళ్ళ పిల్లవాణ్ణి సవతి తల్లి సురుచి నిందించింది. మనం చిన్నప్పటి నుంచి సురుచినే దోషిగా చూస్తూ వచ్చాం. కానీ ఆ సన్నివేశంలో మరొక మనిషి ఉన్నాడు. ఒడి ఆయనదే, రాజ్యమూ ఆయనదే. ఉత్తానపాదుడు అంతా విని ఊరకున్నాడు. ధ్రువుడు అడవికి నడిచింది ఒక పరుష వాక్యం వల్లనేనా, ఆ వాక్యం తరువాతి నిశ్శబ్దం వల్లనా? సవతి తల్లి మాటకు ఏడ్చుకుంటూ కన్నతల్లి సునీతి దగ్గరకు వెళ్ళవచ్చు, వెళ్ళాడు కూడా. తండ్రి మౌనం గురించి ఫిర్యాదు చేయడానికి మాత్రం ఆ అంతఃపురంలో చోటు లేదు.

దారిలో నారదుడు కనిపించి చేసిన పని కూడా గమనించదగినది. ముందు ఇంటికి పొమ్మని నచ్చజెప్పాడు. ఇంత చిన్నవాడికి మానమేమిటి, అవమానమేమిటి అన్నాడు. పెద్దలందరూ చెప్పే మాటే అది. పిల్లవాడు ఒప్పుకోలేదు, ఆ మాటలు తన మనసులో గుచ్చుకున్నాయన్నాడు. అప్పుడు నారదుడు తన సలహాను పక్కనపెట్టి, వాడు వెళ్ళదలచిన దారికి కావలసిన ఉపదేశం చేశాడు. ఆ తరువాత తిన్నగా ఉత్తానపాదుని దగ్గరకు వెళ్ళాడు. నేటి బాలల సంక్షేమ సమితుల సభ్యులు ఈ క్రమాన్ని ఒకసారి చదువుకుంటే బాగుండునని నా కోరిక. పిల్లవాడితో మాట్లాడటంతో నారదుని పని పూర్తి కాలేదు. తండ్రితో మాట్లాడటం మిగిలే ఉంది.

పురాణం నుంచి ప్లాట్‌ఫారం మీదికి వద్దాం. 2018లో రైల్వే రక్షక దళం స్టేషన్లలోనూ రైళ్ళలోనూ చేరదీసిన పిల్లలు 17,112 మంది. వారిలో 13,187 మంది ఇల్లు విడిచి వచ్చినవారుగా నమోదయ్యారు. ఒక్క ఏడాదిలో, ఒక్క శాఖ కంటపడినవారి లెక్క ఇది. విజయవాడ వంటి కూడలి స్టేషనులో ఒక రాత్రి గడిపినవారికి ఈ అంకె అతిశయంగా తోచదు. నాలుగు దిక్కుల నుంచీ బళ్ళు వచ్చే చోట, ఏ బండి ఎటు పోతుందో తెలియని పిల్లవాడు ఏదో ఒక బండి ఎక్కుతాడు. వాడికి కావలసింది గమ్యం కాదు, దూరం.

వీరిలో అధిక భాగాన్ని కదిలించినది ఆకలి, తాగి వచ్చి కొట్టే తండ్రి, చదువు మాన్పించి పనికి పెట్టడం. ఆ కారణాలు మనకు తెలుసు కనుక వాటిపై వ్యాఖ్యానం అనవసరం. దెబ్బలు తప్పించుకోవడానికి పారిపోయిన పిల్లవాడి విషయంలో నైతిక సమస్య ఏదీ లేదు. కాలుతున్న ఇంట్లోంచి బయటికి దూకినవాణ్ణి ఎందుకు దూకావని అడగం. నన్ను ఆలోచింపజేసేది తక్కిన పిల్లలు. తిండికి లోటు లేదు, కొట్టినవారు లేరు, అయినా వెళ్ళారు. అడిగితే పరీక్షలో తక్కువ మార్కులనో, సైకిలు కొనిపెట్టలేదనో, చెల్లెలి ముందు తిట్టారనో చెబుతారు. పెద్దలు "ఇంత చిన్నదానికా!" అంటారు. తక్కెడ చివరికి వంగేది గింజ బరువుకే కావచ్చు, కానీ అంతకుముందే పళ్ళెంలో ఏముందో చూడాలి కదా.

ఒకప్పుడు అలిగి వెళ్ళడానికి ఇంటి చుట్టూ చోట్లు ఉండేవి. తండ్రి కోప్పడితే పెద్దమ్మ వంటింట్లోకి, అక్కడా లాభం లేకపోతే కాలువ దాటి అమ్మమ్మగారి ఊరికి. "మీవాడు మా దగ్గరున్నాడు, రెండు రోజులుంచుకుని పంపిస్తాం" అని కబురు వచ్చేది. మేనమామ వెంటబెట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, వానల గురించీ ధరల గురించీ మాట్లాడి, లేవబోతూ "పిల్లవాణ్ణి అంత మాట అనకుండా ఉండాల్సింది బావా" అనేవాడు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఆయన అంత దూరం వచ్చాడు. అంటే ఇంటి తీర్పు మీద అప్పీలుకు ఒక చోటుండేది. ఇలా అన్నానని ఉమ్మడి కుటుంబాన్ని పొగుడుతున్నానని అనుకోవద్దు. ఆ ఇళ్ళలో చీకటి గదులెన్నో ఉండేవి, అలిగే హక్కు మగపిల్లలకే ఉండేది. కానీ మూడు గదుల ఇంట్లో ముగ్గురు మనుషులున్న చోట, ఇద్దరూ ఒక వైపైతే మూడోవాడికి వీధి తలుపు ఒక్కటే మిగులుతుంది.

ఇక మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక విచిత్రం ఉన్నది. ఇంటర్మీడియట్ చదువులకు పిల్లల్ని వసతి కళాశాలల్లో ఉంచడం ఆనవాయితీ అయ్యాక, హాస్టలు గోడ దూకి ఇంటికి పారిపోయి వచ్చే పిల్లలను చూస్తున్నాం. మర్నాటి బస్సుకే తండ్రి వెనక్కి తీసుకుపోయి దిగబెడతాడు. ఈ పిల్లవాడు పారిపోయింది ఎక్కడి నుంచి, ఎక్కడికి? ఇల్లే ఆశ్రయమని నమ్మి వచ్చినవాణ్ణి ఇల్లు తిప్పి పంపింది. రెండోసారి వాడు గోడ దూకితే బండి ఇంటి వైపు ఎక్కుతాడన్న భరోసా లేదు.

ఆడపిల్ల విషయంలో అన్యాయం మరీ స్పష్టం. వయసు రాకుండానే కుదిర్చిన పెళ్ళిని తప్పించుకుని వెళ్ళిన బాలిక, 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ఏది కూడదన్నదో దాన్నే తాను కాదంటున్నది. చట్టాన్ని పాటించింది ఆమె, ఉల్లంఘించబోయింది ఇల్లు. అయినా ఊరి నోట "లేచిపోయింది" అన్న మాటే. 1964లో మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు, మైనరు బాలికను "తీసుకుపోవడం" వేరు, ఏం చేస్తున్నదో ఎరిగి తనంతట తాను తండ్రి రక్షణ విడిచి వచ్చిన అమ్మాయిని వెంట రానివ్వడం వేరు అని చెప్పింది. ఆ తీర్పు విడిపించింది ఒక యువకుణ్ణి. కానీ దాని లోపల మరొక అంగీకారముంది. ఇల్లు విడిచే ఆడపిల్ల ఒకరు ఎత్తుకుపోయే సామాను కాదు, నిర్ణయం తీసుకోగల మనిషి.

చట్టం ఈ విషయంలో మనకన్న ముందున్నదని చెప్పడానికి సంకోచించను. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షను సంరక్షకుణ్ణి విడిచిపోయిన వార్డును తిరిగి అప్పగించడం గురించి చెబుతూ, అలా అప్పగించడం ఆ వార్డు క్షేమానికి మంచిదని కోర్టు భావిస్తే ఆదేశించవచ్చునన్నది. తండ్రి హక్కు అనలేదు, వార్డు క్షేమం అన్నది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఇల్లు విడిచిన బిడ్డను రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగానే చూస్తుంది తప్ప నేరస్థుడిగా కాదు. ఇరవై నాలుగు గంటల్లో సంక్షేమ సమితి ముందుంచాలంటుంది. ఆ చట్టం మూడో సెక్షనులోని పదహారు సూత్రాల్లో, కుటుంబాన్ని వీలైనంత త్వరగా చేరుకోవడం బిడ్డ హక్కు అని ఒకటి. తన మాట వినిపించుకోవడం బిడ్డ హక్కు అని మరొకటి. కాగితం మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆచరణలో మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. ఎందుకంటే "ఇంటికి చేర్చాం" అన్నది నెలవారీ నివేదికలో అంకెగా రాయవచ్చు. "విన్నాం" అన్నదానికి గడి ఎక్కడ?

అధికారులను నిందించడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద వణుకుతున్న పిల్లవాడికి రొట్టె కొనిపెట్టిన కానిస్టేబుళ్ళను నేనెరుగుదును. తల్లిదండ్రులను నిందించడమూ కాదు. ఏ కారణం లేకుండా వెళ్ళేవారూ ఉన్నారు. రవీంద్రుని "అతిథి" కథలో తారాపదుణ్ణి అందరూ ప్రేమించారు, అయినా వాడు ఏ ఇంట్లోనూ నిలవలేదు. ఆజంగఢ్ జిల్లాలో కేదారనాథ్ పాండేగా పుట్టి చిన్నతనంలోనే ఇంటి నుంచి పారిపోవడం మొదలుపెట్టిన రాహుల్ సాంకృత్యాయన్ తిరుగుబోతుతనానికి ఒక శాస్త్రమే రాశాడు. మొగల్తూరు నుంచి బయలుదేరిన మన బారిస్టరు పార్వతీశాన్ని ఎవరేమన్నారు గనక? కొందరి పాదాల్లోనే దారి ఉంటుంది. అటువంటి బిడ్డ తల్లిదండ్రులు జీవితాంతం తమలో తప్పు వెదుక్కోవడం కూడా ఒక క్రూరత్వమే. అయితే తమ బిడ్డ తారాపదుడో కాదో తెలుసుకోవాలన్నా ఒక్కటే మార్గం. అడగాలి.

మా చిన్నాన్న సంగతి చెబుతానన్నాను. 1961లో ఆయనకు పదిహేనేళ్ళు, నాకు ఎనిమిది. బాపట్ల దగ్గరి మా ఊళ్ళో తాతయ్య బడిపంతులు. ఒకనాటి ఉదయం చిన్నాన్న కనిపించలేదు. పత్రికకు పంపడానికి విడి ఫోటో లేక, బడిలో తీసిన గుంపు ఫోటోలోంచి కత్తిరించారు. అందుకే ప్రకటనలో ఆయన పక్కన మరొకరి భుజం సగం కనిపించేది. మద్రాసు సెంట్రల్ స్టేషను దగ్గర ఒక తెలుగు మెస్సులో గ్లాసులు కడుగుతూ, బల్ల మీద ఎవరో వదిలిన పత్రికలో ఆయన తన ముఖం తాను చూసుకున్నాడట. పదకొండో రోజున తిరిగి వచ్చాడు. అంతకుముందే తాతయ్య ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ప్రకటనలో మాట ఇచ్చాం గనక ఎవరూ పల్లెత్తు మాట అనరాదని కట్టడి చేశాడు. ఎవరూ అనలేదు. నాయనమ్మ నీళ్ళు తోడింది. తాతయ్య, పెళ్ళికి వెళ్ళి వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ మాట నలభై ఎనిమిదేళ్ళు చెల్లింది.

2009లో ఒకనాడు, ఆయన పింఛను కాగితాలేవో సర్దుతుంటే, ఎందుకు వెళ్ళావు చిన్నాన్నా అని అడిగాను. ఆయన చాలాసేపు కాగితాల వైపే చూశాడు. తాతయ్య పెట్టెలో పది రూపాయల నోటు ఒకటి పోయిందట. తాతయ్య ఎవర్నీ ఏమీ అనలేదు. అప్పటిదాకా గోడ మేకుకు వేలాడే పెట్టె తాళంచెవిని తీసి తన మొలతాడుకు కట్టుకున్నాడు, అంతే. అన్నలిద్దరూ ఉద్యోగాల మీద ఊళ్ళో లేరు. ఇంట్లో మిగిలిన మగపిల్లవాడు తానొక్కడే. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, కాదని చెప్పేవాణ్ణన్నాడు. "ఎవరూ ఏమీ అనకపోవడం వల్లనే కదరా వెళ్ళాను. పేపర్లో చూస్తే మళ్ళీ అదే మాట."

మరి ఎందుకు తిరిగి వచ్చావన్నాను. అమ్మ మంచం పట్టిందని రాశారుగా అన్నాడు. వచ్చేసరికి నాయనమ్మ బావి దగ్గర ఉందట. తాళంచెవి మళ్ళీ మేకుకు వేలాడుతోందట. అది చూశాక, ఇవాళ కాకపోతే రేపైనా నాన్న పిలిచి అడుగుతాడని కొన్నాళ్ళు ఎదురుచూశాడు. తాతయ్య 1974లో పోయాడు. ఆ నోటు ఎవరు తీశారో చివరికి తేలిందా అని అడిగితే, చిన్నాన్న తలెత్తి నా వైపు చూసి, తనకు తెలియదన్నాడు. తాను తీయలేదని మాత్రం ఆ రోజే, నాతోనే, మొదటిసారి చెప్పాడు.